ఆ రైలు పట్టాల స్థలం ఇంకెన్నాళ్లిలా?

మా ఇంటి వెనక లైనులో రైళ్లు ఆగిపోయి ఏళ్లయింది. పట్టాలు తుప్పుపట్టాయి, స్లీపర్ల మధ్య ముళ్లపొదలు, కంకర నిండా పగిలిన సీసాలు. గోడకు అవతలే బడి. పిల్లలు మాత్రం చుట్టూ తిరిగి లారీల పక్కనే నడవాలి. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

పారిస్‌లో 1993కల్లా పాత రైలు వంతెన మీద తోట వేశారు. న్యూయార్క్‌లో కూల్చేయబోయిన లైను కోసం స్థానికులే పట్టుబట్టారు, 2009లో అది హై లైన్ పార్కుగా తెరుచుకుంది. మాకంత హంగు అక్కర్లేదు. నడకదారి, సైకిల్ బాట, నీడకు చెట్లు, అంతే. నేలలో ఇంకిన నూనె, రసాయనాలు ముందు శుభ్రం చేయాలి, నిజమే. ఏళ్లు పట్టినా ఓపిక పడతాం. కానీ ముక్కలు చేసి అపార్ట్‌మెంట్లకు అమ్మేస్తే ఇంత పొడవాటి దారి మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? దయచేసి అమ్మకండి. ముందు ఆ గోడకో గేటు పెట్టండి.