సాయం అడిగినందుకు ఆనవాళ్లు అప్పగించాలా?

గర్భానికి సంబంధించిన సలహా కోసం ఒక స్వచ్ఛంద సంస్థ సైట్‌లోకి వెళ్లి, ‘నాకు ఫోన్ చేయండి’ అని ఫారం నింపిన వాళ్ల పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు 2012లో ఒక హ్యాకర్ చేతికి చిక్కాయి. ఒకరిద్దరివి కాదు, వేలమందివి. అన్నీ బయటపెడతానని అతను బెదిరించాడు. ఆ సంస్థ బ్రిటిష్ ప్రెగ్నెన్సీ అడ్వైజరీ సర్వీస్. 2014లో, వ్యక్తిగత సమాచార రక్షణను పర్యవేక్షించే బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం దానికి 2 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. హ్యాకర్ దుర్మార్గం కన్నా విచారణలో బయటపడిన మరో సంగతి నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. తమ సైట్ ఆ వివరాలను నిల్వ చేస్తోందని ఆ సంస్థకే తెలియదు. ఫోన్ చేసి మాట్లాడేశాక వాటితో పని లేదు. అయినా అవసరం తీరాక మరో ఐదేళ్లు అవి అక్కడే పడి ఉన్నాయి.

ఛారిటీల డేటా అనగానే దాతల కార్డు నంబర్లు, వాళ్లకు పదేపదే వచ్చే మెయిళ్లు, ఫోన్లు గుర్తుకొస్తాయి. చర్చంతా అక్కడే తిరుగుతుంది. ఒక సంస్థ గోప్యతను ఎంత పట్టించుకుంటోందో తెలియాలంటే దాతల జాబితాను కాదు, సాయం కోసం వచ్చిన మనిషి వదిలి వెళ్లే ఆనవాళ్లను చూడాలని నా వాదన. ఇచ్చేవాళ్లకు పేరు దాచుకునే హక్కు ఉందని అందరం ఒప్పుకుంటాం. గుప్తదానాన్ని గొప్ప గుణంగా పొగుడుతాం. పుచ్చుకునేవాళ్లు మాత్రం పేరు చెప్పాలి, కష్టం చెప్పాలి, ఫొటో ఇవ్వాలి, కొన్నిచోట్ల వేలిముద్ర కూడా వేయాలి. ఈ తేడా మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఇందులో అన్యాయం ఉందన్న స్పృహే పోయింది.

ఆ అన్యాయం ఫారం నింపకముందే, పేజీ తెరిచిన క్షణానే మొదలవుతుంది. ఆత్మహత్య ఆలోచనలు వస్తున్న మనిషి ఒక సహాయ సంస్థ పేజీ తెరిచాడనుకుందాం. పేరు చెప్పలేదు, ఏ బటనూ నొక్కలేదు. ఆ పేజీలో ఫేస్‌బుక్ వాళ్ల ‘పిక్సెల్’ లాంటి కోడ్ ముక్క ఉంటే, పేజీతోపాటు అదీ తెరుచుకుంటుంది. ఏ పేజీ చూస్తున్నారో, ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్‌నెట్‌లో వాళ్ల కనెక్షన్ నంబరు) నుంచి చూస్తున్నారో, బ్రౌజర్‌లో ఏ కుకీ (సైట్లు వదిలి వెళ్లే గుర్తింపు చీటీ) ఉందో అన్నీ ఆ కంపెనీ సర్వర్‌కు చేరిపోతాయి. అదే బ్రౌజర్‌లో ఫేస్‌బుక్ ఖాతా తెరిచి ఉంటే ఆ సందర్శనను మనిషితో జతచేయడం వాళ్లకు కష్టమేమీ కాదు. బట్టల దుకాణం పేజీ చూస్తే ఏం కొనాలనుకుంటున్నారో తెలుస్తుంది. ‘మద్యం మానలేకపోతున్నారా’ అన్న పేజీ చూస్తే ఆ మనిషి జీవితంలో అతి రహస్యమైన విషయమే తెలిసిపోతుంది. ఇక్కడ పేజీ చిరునామాయే ఆరోగ్య సమాచారం.

ఇది ఎక్కడో ఒకటి రెండు సైట్లలో జరిగిన పొరపాటు కాదు. అమెరికాలోని ‘ది మార్కప్’ అనే వార్తాసంస్థ 2021లో 23 వేలకు పైగా లాభాపేక్ష లేని సంస్థల సైట్లను పరిశీలిస్తే, దాదాపు 86 శాతం సైట్లలో బయటి కంపెనీల కుకీలో, ట్రాకింగ్ కోడో కనిపించింది. 2023లో బ్రిటన్‌లో ‘అబ్జర్వర్’ పత్రిక మానసిక ఆరోగ్య ఛారిటీల సైట్లను చూసి, సహాయం వెతుక్కుంటున్న వాళ్ల బ్రౌజింగ్ వివరాలు ఫేస్‌బుక్‌కు వెళ్తున్నాయని రాసింది. విషయం బయటికి వచ్చాక కొన్ని సంస్థలు ఆ కోడ్‌ను తీసేశాయి.

ఎలా జరిగింది ఇదంతా? సహాయం కోరి వచ్చిన వాళ్ల వివరాలు అమ్ముకుందామని ఏ ట్రస్టీల బోర్డూ తీర్మానం చేయలేదు. విరాళాల ప్రకటన ఎంతమందిని తెచ్చిందో లెక్క కావాలని ప్రచార విభాగం అడిగింది. సైట్ కట్టినవాళ్లు ఆ లెక్క చెప్పే కోడ్‌ను అన్ని పేజీలకూ ఉమ్మడిగా ఉండే టెంప్లేట్‌లో పెట్టేశారు. విరాళం పేజీ, సహాయం పేజీ రెండూ ఆ టెంప్లేట్ మీదే నడుస్తాయి కాబట్టి రెండింటికీ ఒకే కోడ్ అంటుకుంది. ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ ఆపలేదు. నా దృష్టిలో ఉద్దేశపూర్వకంగా చేసిన తప్పు కన్నా ఇది ప్రమాదకరం. ఎవరూ తీసుకోని నిర్ణయాన్ని వెనక్కి తీసుకోమని ఎవరిని అడగాలి?

2022 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు ఇచ్చిన ఒక చిన్న తీర్పు ఇక్కడ గుర్తు చేయాలి. ఒక సైట్ అక్షరాల ఫాంట్‌ను గూగుల్ సర్వర్ నుంచి తెప్పించుకుంది. దానివల్ల సందర్శకుడి ఐపీ అడ్రస్ అనుమతి లేకుండా గూగుల్‌కు వెళ్లింది. అందుకు కోర్టు అతనికి 100 యూరోల పరిహారం ఇప్పించింది. ఏ రహస్యమూ లేని మామూలు సైట్‌లో ఒక ఫాంట్ విషయంలోనే అంత పట్టింపు ఉన్నప్పుడు, గృహహింస బాధితులకు, హెచ్ఐవీ సోకినవాళ్లకు నడిపే సైట్ల మీద ఎంత ఉండాలి?

సమ్మతి తీసుకున్నాం కదా అంటారు. కుకీల పట్టీలో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కారు కదా అంటారు. ఆపదలో ఉన్న మనిషి నొక్కిన బటన్‌ను సమ్మతిగా లెక్కించడానికి నా మనసు ఒప్పుకోదు. అమెరికాలో క్రైసిస్ టెక్స్ట్ లైన్ అనే సంస్థ ఉంది. మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లు మెసేజ్ పంపితే వలంటీర్లు బదులిస్తారు. ఆ సంభాషణల డేటాను పేర్లు తొలగించి లోరిస్ అనే తమ అనుబంధ వాణిజ్య కంపెనీతో పంచుకుంటున్నారని, కస్టమర్ సర్వీస్ సాఫ్ట్‌వేర్ తయారీకి అది పనికొస్తోందని 2022 జనవరిలో ‘పొలిటికో’ వార్తాసంస్థ బయటపెట్టింది. పేర్లు లేవు, నిబంధనల్లో రాశాం, మెసేజ్ చేసినవాళ్లు వాటికి ఒప్పుకున్నారు అని సంస్థ మొదట సమర్థించుకుంది. విమర్శలు వెల్లువెత్తడంతో కొద్ది రోజుల్లోనే ఆ ఏర్పాటును ఆపేసింది. చావాలనిపిస్తోందని టైప్ చేస్తున్న మనిషి ఆ నిమిషంలో నిబంధనల పేజీ చదివి, బేరీజు వేసుకుని ఒప్పుకున్నారని ఎవరు నమ్ముతారు? వద్దంటే వెళ్లడానికి మరో చోటు ఉన్నవాళ్ల మాటే సమ్మతి.

మంచి ఉద్దేశం కూడా ఇక్కడ రక్షణ కాదు. 2014 అక్టోబర్‌లో బ్రిటన్‌లో ఆత్మహత్యల నివారణకు పనిచేసే సమారిటన్స్ సంస్థ ఒక యాప్ తెచ్చింది. దాన్ని పెట్టుకున్నవాళ్లు ట్విటర్‌లో అనుసరిస్తున్న వ్యక్తుల రాతల్లో నిరాశ ఛాయలు కనిపిస్తే అది హెచ్చరిక పంపేది. రాసినవాళ్లకు మాత్రం తమ మాటల్ని ఒక యంత్రం జల్లెడ పడుతోందని తెలియదు. ఆ హెచ్చరిక మిత్రుడికే వెళ్తుందన్న హామీ ఏముంది? వేధించేవాడూ ఆ యాప్ పెట్టుకోవచ్చు. మానసిక వేదన అనుభవించినవాళ్లే ముందుకొచ్చి అభ్యంతరం చెప్పారు. రెండు వారాలు తిరక్కుండానే యాప్‌ను నిలిపేశారు. దశాబ్దాలుగా గోప్యతను ప్రాణంగా చూసుకున్న సంస్థకే ఇలా జరిగిందంటే, మంచి పని చేస్తున్నామన్న నమ్మకం కళ్లకు ఎలా అడ్డుపడుతుందో అర్థమవుతుంది.

కొన్నిసార్లు కంపెనీలు, హ్యాకర్లు కూడా అక్కర్లేదు. 2021లో హెచ్ఐవీ స్కాట్లండ్ అనే సంస్థకు 10 వేల పౌండ్ల జరిమానా పడింది. 105 మందికి పంపిన ఒక మెయిల్‌లో అందరి అడ్రస్‌లూ అందరికీ కనిపించాయి. వాటిలో 65 అడ్రస్‌లలో మనిషి పేరే ఉంది. లండన్‌లోని సెంట్రల్ వైఎంసీఏ కూడా హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్ల కార్యక్రమం విషయంలో ఇదే తప్పు చేసింది. మొదట 3 లక్షల పౌండ్లు అనుకున్న జరిమానాను 2024లో 7,500కు తగ్గించి వేశారు. తగ్గించినందుకు నాకు అభ్యంతరం లేదు. పెద్ద జరిమానా చివరికి సేవల మీదే పడుతుంది. కానీ డబ్బు వద్దనుకుంటే మరో రూపంలోనైనా జవాబుదారీ ఉండాలి కదా. ఏ ట్రస్టీ బాధ్యత అది, ఏ మార్పు చేశారు, బయటపడ్డ ఆ మనుషులకు ఏం చెప్పారు అన్నవి బహిరంగంగా రాయించాలి.

దాతల విషయానికొస్తే, వాళ్లకు కనీసం అడిగే దిక్కుంది. దాతల ఆస్తిపాస్తులెంతో వాళ్లకు తెలియకుండా అంచనా వేయించినందుకు 2016 డిసెంబర్‌లో బ్రిటన్‌లో జంతు సంక్షేమ సంస్థ ఆర్ఎస్‌పీసీఏకు, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్‌కు జరిమానాలు పడ్డాయి. దాతల సమాచారం వాడిన తీరుకే 2017 ఏప్రిల్‌లో మరో 11 సంస్థలకు పడ్డాయి. అదే ఏడాది, ఏ ఛారిటీ తమను సంప్రదించకూడదో దాతలు నమోదు చేసుకునే ఏర్పాటూ వచ్చింది. మంచిదే. దాత కోపగిస్తే విరాళం ఆగిపోతుంది కాబట్టి సంస్థ వింటుంది. సాయం పొందేవాళ్లు కోపగిస్తే నష్టం వాళ్లకే.

చిన్న సంస్థలకు ఇంత పట్టింపు భారమని, ప్రకటనల లెక్కలు లేకపోతే విరాళాలు తగ్గి చివరికి పేదలే నష్టపోతారని వాదించేవాళ్లు ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఒకసారి మద్దతు తెలిపినవాళ్లకు ముందస్తు అనుమతి లేకుండా మెయిళ్లు పంపే వెసులుబాటును బ్రిటన్ 2025లో చట్టం చేసి ఛారిటీలకు ఇచ్చింది కూడా. అయితే సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే ఆర్ఎన్ఎల్ఐ, ముందుగా సరేనన్న వాళ్లనే సంప్రదిస్తామని 2017లో నియమం పెట్టుకుంది. ఐదేళ్లలో కోట్ల పౌండ్లు పోతాయని లెక్కవేసుకుని మరీ ఆ పని చేసింది. అయినా నేను అడుగుతున్నది అంత త్యాగం కాదు. విరాళం పేజీలో మీ లెక్కలు మీరు వేసుకోండి, సహాయం పేజీల్లోంచి మాత్రం బయటివాళ్ల కోడ్ తీసేయండి. సందర్శకుల సంఖ్య కావాలంటే సొంత సర్వర్‌లో నడుపుకునే మటోమో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇది ఒక్క పూట పని.

ఇంకో అపార్థం తొలగించాలి. డేటా తగ్గించమంటే కాగితాలు తగలబెట్టమని కాదు. స్కాట్లండ్‌లో దత్తత వెళ్లిన పిల్లల్ని, కన్నవాళ్లను కలిపే బర్త్‌లింక్ అనే సంస్థ, అల్మారాల్లో చోటు చాలక 2021లో దాదాపు 4,800 ఫైళ్లను ధ్వంసం చేసింది. కొన్నింటిలో చేతిరాత ఉత్తరాలు, ఫొటోలు ఉన్నాయి. పది శాతం దాకా ఇక ఎప్పటికీ తిరిగి దొరకనివి కావచ్చని అంచనా. 2025లో 18 వేల పౌండ్ల జరిమానా పడింది. ఫోన్ ఫారాన్ని ఐదేళ్లు అదనంగా దాచిన సంస్థా, తల్లి రాసిన ఉత్తరాన్ని చించేసిన సంస్థా చేసిన తప్పు ఒక్కటే. ఆ సమాచారం తమ సొత్తు అనుకున్నాయి. తమవి కానివాటిని అప్పగింతగా తీసుకున్నామన్న ఎరుక ఉంటే, దేన్ని ఎప్పుడు తీసేయాలో, దేన్ని కంటికి రెప్పలా కాపాడాలో దానంతటదే తెలిసేది.

అసలు ఇంత సమాచారం ఎందుకు పోగవుతోంది? నిధులిచ్చేవాళ్ల లెక్కల ఆకలి వల్ల. నా ఆవేదన అసలు ఇక్కడే ఉంది. ఎంతమందికి అందింది, వాళ్లెవరు, వయసెంత, ఒకరికే రెండుసార్లు ఇవ్వలేదని రుజువేమిటి అని ప్రభుత్వాలు, పెద్ద ఫౌండేషన్లు అడుగుతాయి. క్షేత్రంలో పనిచేసేవాళ్లు ఆ ప్రశ్నలన్నిటినీ క్యూలో నిలబడ్డ మనిషి మీదికి తోస్తారు. మోసం చేయలేదని నిరూపించుకునే భారమంతా అందరికన్నా బలహీనుడి మీదే పడుతుంది.

దాని పర్యవసానం ఎంత దూరం వెళ్తుందో రోహింగ్యాల విషయంలో చూశాం. మయన్మార్‌లో ఊచకోత తప్పించుకుని బంగ్లాదేశ్ చేరినవాళ్ల వివరాలు, వేలిముద్రలు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ నమోదు చేసింది. సాయం అందాలంటే ఆ నమోదు కార్డు కావాలి. కనీసం 8 లక్షల 30 వేల మంది వివరాలను బంగ్లాదేశ్ మయన్మార్ ప్రభుత్వానికి పంపిందని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది. సమ్మతి తీసుకున్నామని శరణార్థుల సంస్థ చెప్పింది. అలా పంపుతారని తమకు చెప్పలేదని హ్యూమన్ రైట్స్ వాచ్‌తో మాట్లాడిన శరణార్థుల్లో దాదాపు అందరూ అన్నారు. ఎవరి నుంచి పారిపోయి వచ్చారో వాళ్ల చేతికే జాబితా! అది ఛారిటీ కాదు, ఐరాస సంస్థ అనొచ్చు. క్యూలో ఉన్న మనిషికి ఆ తేడాతో పనేముంది?

2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ మీద దాడి జరిగిన సంగతి వెల్లడైంది. యుద్ధాల్లో, వలసల్లో కుటుంబాలకు దూరమైనవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు, నిర్బంధంలో ఉన్నవాళ్లు మొత్తం 5 లక్షల 15 వేల మందికి పైగా మనుషుల వివరాలు ఉన్న సర్వర్లలోకి చొరబడ్డారు. సకాలంలో సరిచేయని ఒక సాఫ్ట్‌వేర్ లోపమే దారి. అలాంటి సంస్థకే తప్పలేదు కాబట్టి, ‘మా దగ్గర భద్రంగా ఉంటుంది’ అన్న హామీని ఎవరి నోట విన్నా నేను నమ్మను. పోగు చేయనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

ఆ సంగతి రెడ్‌క్రాస్‌కు తెలుసు. సాయం పంపిణీలో వేలిముద్రల లాంటివి వాడాల్సి వస్తే వాటితో కేంద్ర భాండాగారం పెట్టబోమని, సాయం పొందే మనిషి చేతిలో ఉండే కార్డులోనే వాటిని ఉంచుతామని 2019లోనే విధానం ప్రకటించింది. వద్దనుకుంటే ఆ మనిషి కార్డును తిరిగి ఇచ్చేయొచ్చు, తానే నాశనం చేయొచ్చు. ఏ ప్రభుత్వమో వచ్చి డేటా ఇమ్మని ఒత్తిడి చేస్తే ఇవ్వడానికి సంస్థ దగ్గర ఏమీ ఉండదు. ఇదే పద్ధతిలో లెక్కలు ఒప్పుకుంటామని, పేర్ల జాబితా అడగబోమని గ్రాంటు ఒప్పందంలో ఒక్క వాక్యం చేర్చడానికి నిధులిచ్చేవాళ్లకు ఏ చట్టమూ అక్కర్లేదు. వచ్చే ఏడాది ఒప్పందాల్లోనే అది ఉండాలి.