మహారాజశ్రీ ‘మరో పావు తిప్పు’ గారికి

మహారాజశ్రీ ‘మరో పావు తిప్పు’ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. నా పాత మారుతి 800 కారు ఇంజిన్‌కు మూతలాంటి హెడ్‌ను బిగించే బోల్టుల్లో ఒకటి మాత్రం క్షేమంగా లేదు. దాని పై ముక్క ఈ ఉత్తరం ఎగిరిపోకుండా కాగితం మీద బరువుగా కూర్చుంది. కింది ముక్క కోసం విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లవలసి వచ్చింది.

మీతో నా పరిచయం ఈనాటిది కాదు. కుళాయి కట్టేశాక కూడా చుక్క పడుతుందేమోనని ఇంకాస్త తిప్పి వాషరు నలిపేది మీరే. ఊరగాయ సీసా మూతను మా అత్తగారు తప్ప మరెవరూ తీయలేనంతగా బిగించేదీ మీరే. సరే, అవి చిల్లర ఖర్చులు. హెడ్ దగ్గర మీకేమి పని?

ఆ రోజు అంతా శాస్త్రోక్తంగానే జరిగింది. హెడ్‌కూ దాని కింది ఇంజిన్ దిమ్మె బ్లాకుకూ మధ్య ఉండే పాత గ్యాస్కెట్ రేకు పొట్టు గీకి తీశాను. హెడ్ వంగిందేమోనని దాని మీద ఉక్కు బద్ద నిలబెట్టి, కింద సందు కొలిచే సన్నటి ఫీలర్ గేజి రేకు దూరుతుందేమో చూశాను; దూరలేదు. బోల్టు గుంతల్లో నిలిచిన నూనె, కూలెంట్ గాలి కొట్టి ఊదేశాను. అడుగున ద్రవం ఉండిపోతే, దిగుతున్న బోల్టు దాన్ని నొక్కి ఏకంగా బ్లాకునే పగలగొట్టగలదు. మరలకూ బోల్టు తల కిందా కాస్త ఇంజిన్ ఆయిల్ రాశాను. మధ్య బోల్టుతో మొదలుపెట్టి, ఎడమకొకటి కుడికొకటి చొప్పున, మెలికల ముగ్గు చుట్టినట్టు అంచుల దాకా వెళ్లాను. అదీ మూడు విడతల్లో. చివరి విడతలో, పెట్టిన బిగువు రాగానే చప్పుడు చేసే టార్క్ రెంచ్ ప్రతి బోల్టు దగ్గరా ‘టక్కు’మంది.

అక్కడితో చేతులు కడుక్కోవలసింది. అప్పుడు వేంచేశారు మీరు. ‘ఆ టక్కు యంత్రం మాట. నీ చేతికి తెలియదా? నడిరోడ్డు మీద ఆవిరి కక్కితే ఎవరు దిక్కు? మరో పావు తిప్పు!’

రెంచ్ పక్కన పెట్టి పొడవాటి పిడి అందుకున్నాను. బోల్టు మొదట బెట్టు చేసింది. తరువాత ఉన్నట్టుండి మెత్తబడింది. పిడి తిరుగుతోంది, చేతికి బరువు మాత్రం పెరగడం లేదు. ఆహా, ఎంత చక్కగా దిగుతోంది అని మీరు మురిసిపోయారు. అది దిగడం కాదండీ, సాగడం. ఠప్పుమని తెగాక నా మోచెయ్యి ఇంజిన్ స్టాండుకు కొట్టుకుంది. తెగేదాకా లాగవద్దన్న మాట తాడు గురించని ఇన్నాళ్లూ అనుకున్నాను.

మీ దృష్టిలో బోల్టు అంటే మేకు. నిజానికి అది స్ప్రింగు. బిగిస్తే వెంట్రుకవాసి సాగి, మళ్లీ కుంచించుకోవాలన్న పంతంతో హెడ్‌ను బ్లాకుకు అదిమిపెడుతుంది. ఈ ఇంజిన్ సిలిండర్ లోపలి వ్యాసం 68.5 మిల్లీమీటర్లు. మంట పీడనం 50 బార్ (మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 50 రెట్లు) అనుకున్నా, ఒక్కో సిలిండరూ హెడ్‌ను 1,800 కిలోలకు పైగా బలంతో ఎగదన్నుతుంది. దాన్ని ఆపేది ఆ పంతమే. కానీ మనం పెట్టే బలంలో నూటికి సుమారు 90 వంతులు మరల దగ్గరా తల కిందా రాపిడికే పోతాయి. బోల్టును సాగదీసేది మిగిలిన 10. మీరు చేత్తో తడిమి తీర్పు చెప్పేది ఆ 90 చూసి. అందుకే తుప్పు పట్టిన బోల్టు మీకు భేషుగ్గా బిగిసినట్టుంటుంది, నూనె రాసినది అనుమానంగా ఉంటుంది.

కొన్ని కొత్త ఇంజిన్లకు ముందు తక్కువ టార్కు (తిప్పే బలం) పెట్టి, తరువాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు తిప్పమంటున్నారు. ‘చూశావా, పావు తిప్పమని వాళ్లే అంటున్నారు’ అని మీరు మీసం దువ్వుతున్న సంగతి నాకు తెలుసు. ఆ బోల్టులు సాగడానికే పుట్టినవి, ఒక్కసారి వాడి పారేసేవి. ఆ పావులు లెక్కలోవి. మీది వంకాయల మీద కొసరు.

ఆటోనగర్‌లో లేత్ మిస్త్రీ విరిగిన బోల్టు నడిమధ్య సన్నగా డ్రిల్లు వేసి, విరిగిన ముక్కను పట్టి లాగే, ఎడమ మర ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ దించి, ఊపిరి బిగబట్టి బయటకు తీశాడు. ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసి, ‘టక్కుమన్నాక తిప్పారా?’ అన్నాడు. ‘బోల్టు పాతదండీ’ అన్నాను. మీ పరువు కోసం అబద్ధమాడాను, గుర్తుంచుకోండి.

ఇట్లు,
మోచేతికి కట్టుతో,
మీ పూర్వ విధేయుడు

తా.క.: రేపు కొత్త బోల్టులు బిగిస్తున్నాను. పొడవాటి పిడిని మా ఆవిడ ఎక్కడో దాచింది. అడిగితే నాకూ చెప్పడం లేదు.