వక్కపొడి డబ్బాలో ఉన్న ఇరవై ముఖాల పాచికకు

ఓ పాచికా,

నిన్న సాయంత్రం నుంచి నువ్వు నా వక్కపొడి డబ్బాలో ఉన్నావు. ఎందుకున్నావో నీకు తెలుసు. అయినా చార్జిషీటు ఇవ్వకుండా ఎవర్నీ లోపల పెట్టకూడదు కాబట్టి ఈ ఉత్తరం.

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. అమ్మాయి పిలిస్తే విస్కాన్సిన్‌లోని మాడిసన్‌కి ఆర్నెల్లుండి పోదామని వచ్చాను. చలికాలంలో ఇక్కడికొచ్చిన పెద్దవాళ్లకి రెండే పనులు. కిటికీలోంచి మంచు చూడటం, ఇండియాకి వీడియో కాల్ చేసి అదే మంచు చూపించడం. మనవడికి జాలేసి, "తాతయ్యా, గేమ్ షాపుకి వస్తావా?" అన్నాడు.

క్యారమ్ బోర్డులూ క్రికెట్ బ్యాట్లూ ఉంటాయనుకున్నా. తీరా చూస్తే నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. గ్లూమ్‌హేవెన్ అనే ఆట పెట్టె ఎత్తబోతే నడుం పట్టేసింది. ఇంచుమించు పది కిలోలట, బియ్యం సంచీలాగా. గాజు బీరువాలో బొటనవేలంత సైనికులు బూడిదరంగులో నిలబడి ఉన్నారు. రంగు సీసాలు విడిగా, కుంచెలు విడిగా. కొండపల్లిలో బొమ్మకి రంగేసి అమ్ముతారు. ఇక్కడ బొమ్మకీ డబ్బు మనమే కట్టాలి, రంగుకీ మనమే కట్టాలి, కూలీ కూడా మనమే.

ఒక అరలో 'పార్చీసీ' కనిపించింది. మన పచ్చీసే. పేరు కాస్త తిప్పి 1870ల నుంచి అమ్ముతున్నారు. మా అమ్మమ్మ గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, అరగదీసిన చింతపిక్కలతో వాడకట్టు పిల్లలందరినీ ఊరికే ఆడించేది. పాపం, ఆవిడకి వ్యాపారం తెలియలేదు.

కౌంటరు మీద గాజు సీసాలో నువ్వు నిమ్మబిళ్లలా మెరుస్తున్నావు. బ్రహ్మకి నాలుగు ముఖాలు, కుమారస్వామికి ఆరు, రావణుడికి పది. నీకు ఇరవై! ఎదురెదురు ముఖాలు కలిపితే ఎటు చూసినా ఇరవై ఒకటే వస్తుందని మనవడు చూపించాడు. లెక్క టాలీ అయితే మోసపోయే జాతి మాది. నువ్వొక్కదానివే కాదు, తోకలా ఇంకో ఆరు. అందులో నాలుగు ముఖాలది రాత్రి బాత్రూంకి వెళ్తుంటే కాలికింద పడింది. పల్లేరుగాయకి కూడా అంత పగ ఉండదు.

అసలు నిన్ను కొనాలని కాదు. మా అల్లుడు ఒక పెట్టె తిరగేసి, ఫోనుతో ఫొటో తీసి, "ఆన్‌లైన్లో పదిహేను డాలర్లు తక్కువ మామయ్యా" అన్నాడు. తెలుగు ఎవరికొస్తుందిలే అని గట్టిగానే అన్నాడు. ఓనరు చిన్నగా నవ్వి పక్కకి తిరిగాడు. ఆ నవ్వుకి భాష అక్కర్లేదు. వెనక ఎనిమిది టేబుళ్లు వేసి, ఊరికే ఆడుకోనిచ్చి, చిప్సూ కూల్‌డ్రింకులూ నీలాంటి పాచికలూ అమ్మి అద్దె కట్టుకునే మనిషి. సిగ్గేసి జేబులో చెయ్యి పెట్టాను. పన్నెండు డాలర్లు. అంటే నువ్వు నా సిగ్గుకి వచ్చిన చిల్లరవి.

టేబుల్ దగ్గర కూర్చున్నాక మనవణ్ణి అడిగాను, "పందెం ఎంత?"

"పందెం ఉండదు తాతయ్యా."

"మరి గెలిచినవాడికి?"

"ఎవరూ గెలవరు. అందరం కలిసి ఒక కథ నడుపుతాం."

నాకు మింగుడుపడలేదు. పాచిక పట్టాక రాజ్యమైనా పోవాలి, పోలీసులైనా రావాలి. మా వైపు మామిడితోటలో నలుగురు పేక పంచుకుంటే జీపొస్తుంది. మర్నాడు పేపర్లో వాళ్లని వరసగా నేలమీద కూర్చోబెట్టిన ఫొటో వస్తుంది. ఇక్కడ అమ్మలే కార్లలో తెచ్చి దింపి, "ఎన్నింటికి రమ్మంటావ్?" అని అడిగి పోతున్నారు.

పాచికలేస్తూ కథ నడిపే ఈ విద్య పుట్టింది ఇక్కడికి గంటన్నర దూరంలోని లేక్ జెనీవాలోనట. గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయి, చెప్పులు బాగుచేసుకుంటూ, డేవ్ ఆర్నెసన్‌తో కలిసి 1974లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చాడు. మొదట వెయ్యి పెట్టెలు, ఒక్కోటి పది డాలర్లు. ఆయన లోనుకని నా సీటు ముందుకొచ్చి, పూచీకత్తుగా రాక్షసుల్ని చూపిస్తే ఏం చేసేవాణ్ణి? లంచ్ టైమని చెప్పేవాణ్ణి.

ఇక నీ నేరం. జుట్టుకి నీలంరంగేసుకున్న అమ్మాయి కథ నడుపుతోంది. ముప్పై నాలుగేళ్లు స్ట్రాంగ్‌రూమ్ తాళాలు కాసిన నాకు దొంగ వేషం ఇచ్చింది. రాజుగారి ఖజానా తాళం తీయాలి. పని అయ్యేదీ కానిదీ నువ్వు చూపే అంకె చెబుతుంది, ఎంత పెద్దదైతే అంత మేలు. టేబులంతా ఊపిరి బిగబట్టింది. నిన్ను దోసిట్లో ఊపి, వెంకటేశ్వరస్వామిని తలుచుకుని వేశాను.

ఒకటి.

తాళంలో ఊచ విరిగింది. కాపలావాడు నిద్రలేచాడు. వాడికి మాయమాటలు చెప్పి తప్పించుకుందామని మళ్లీ వేశాను. మళ్లీ ఒకటే! ముక్కూమొహం తెలియని ఐదుగురు పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఉద్యోగంలో నా సెండాఫ్ రోజున కూడా అంత చప్పట్లు పడలేదు.

దారితప్పిన పాచికని జైల్లో పెట్టడం ఇక్కడి ఆచారమట. అందుకు చిన్న ఇనుప బోనులు కూడా అదే షాపులో అమ్ముతారు. నీ ఖరీదు కంటే నీ జైలు ఖరీదెక్కువ. వక్కపొడి డబ్బా చాలన్నాను. ఏడవకు. ఈజిప్టులో టాలెమీ రాజుల కాలంనాటివాడో, ఆ తర్వాత రోమన్ల కాలంనాటివాడో నీ ముత్తాత ఒకడు, అచ్చంగా ఇరవై ముఖాలవాడే, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ల చేతిలో ఉన్నాడు. వాడిది యావజ్జీవం. నీకు శనివారం మధ్యాహ్నం బెయిలు. నా దొంగ ఇంకా రాజుగారి కొట్లోనే ఉన్నాడు, వాణ్ణి బయటికి తేవాలంటే పదిహేనుకి తగ్గకుండా పడాలంది ఆ నీలంజుట్టు అమ్మాయి.

అప్పటిదాకా వక్కపొడి ముట్టుకోకు. పలుకులు లెక్కపెట్టే ఉంచాను.

ఇట్లు,
నీ పన్నెండు డాలర్ల బాధితుడు