ఎల్.ఎస్. గారికి, చెన్నై గిండీలోని ఎస్టిమేషన్ టేబుల్ నుంచి

లంప్‌సమ్ (ఎల్.ఎస్., అంటే కొలతల్లేకుండా మొత్తానికి వేసే ఒకే ధర) గారికి నమస్కారాలు.

బీఓక్యూలో, అంటే పనులూ పరిమాణాలూ రేట్లూ రాసే పట్టికలో, పరిమాణం గడిలో ‘1’, యూనిట్ గడిలో ‘ఎల్.ఎస్.’ అని పెట్టుకుని, ఇంకెవరికీ జవాబు చెప్పక్కర్లేని మీ దర్జాకి ముందుగా ఓ దండం. పై వరుసలో కాంక్రీటుని ఘనమీటర్లలో మూడో దశాంశం దాకా నిలదీస్తాం. కడ్డీని మీటరుకి వ్యాసం (మి.మీ.లలో) వర్గం బై 162 వేసి కిలోల్లో తూస్తాం. ప్లాస్టరింగులో అర చదరపు మీటరు లోపు కంతకి తీసివేత లేదని కొలతల ప్రమాణం ఐఎస్ 1200 తిప్పి మరీ వాదించుకుంటాం. మీ వరుస దగ్గరికొచ్చేసరికి అందరికీ భోజనాల వేళవుతుంది.

డీవాటరింగ్ (గోతిలో నీరు తోడడం) వేషంలో మీ ప్రతాపం చూడాలి. శ్రీపెరుంబుదూర్ వైపు ఫ్యాక్టరీ, నాలుగు మీటర్ల లోతున ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి) ట్యాంకు అనుకుందాం. సాయిల్ రిపోర్టు మే నెలది: ‘బోరులో నీరు తగల్లేదు’. డ్రాయింగులు ఆలస్యమై తవ్వకం నవంబరుకి పడుతుంది. అంటే ఈశాన్య రుతుపవనాల నడిమధ్యన, చుట్టూ చెరువులు నిండుతున్న రోజుల్లో. మీ పేరిట మాత్రం లక్షన్నర. ఎక్కడిదా లక్షన్నర? పాత ఫైలుకి ‘సేవ్ యాజ్’ కొట్టినప్పుడు మీరూ దానితో నడిచొచ్చారు.

లెక్క కట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. 5 హెచ్‌పీ పంపులు నాలుగు. మోటారు నష్టాలతో కలిపి సుమారు 17.5 కిలోవాట్లు. రాత్రింబవళ్ళు 60 రోజులంటే 1,440 గంటలు, 25,200 యూనిట్లు. టెంపరరీ కరెంటు ఇంకా రాలేదు (ఎప్పుడొచ్చింది గనక!), కాబట్టి జనరేటరు. లీటరుకి మూడున్నర యూనిట్లనుకుంటే 7,200 లీటర్ల డీజిలు. లీటరు 90 చొప్పున ఆరు లక్షల 48 వేలు. పంపుల అద్దె, రాత్రి ఆపరేటరు, స్టాండ్‌బై పంపు ఇందులో లేవు. పైగా తవ్వకం అయింది కదా అని పంపు ఆపడానికి లేదు: చుట్టూ మట్టి పూడ్చి, ట్యాంకుకి తగినంత బరువు రాకముందే ఆపితే నీటి ఒత్తిడికి ఖాళీ ట్యాంకు తేలుతుంది. మీ లక్షన్నరలో ఆ రోజులు ఎవరూ లెక్కేయలేదు.

అసలు సరదా ఆ తర్వాత. కాంట్రాక్టరు ‘ఊహించని నీరు’ అని క్లెయిమ్ పెడతాడు. క్లయింటు ‘లంప్‌సమ్ అంటే అన్నీ కలిపే కదయ్యా’ అంటాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది మీరే, మీరేమో నోరు విప్పరు.

పైపింగులోనూ మీ చుట్టాలున్నారు. వెల్డింగుని ఇంచ్-డయాలో, అంటే పైపు అంగుళాల వ్యాసాన్ని జాయింట్ల సంఖ్యతో గుణించి, కొలుస్తాం. ఆరంగుళాల జాయింట్లు వందైతే 600. పక్కనే ‘టెస్టింగ్, ఎల్.ఎస్.’. రేడియోగ్రఫీ (వెల్డుకి ఎక్స్‌రే లాంటి పరీక్ష) 10 శాతం జాయింట్లకా, వందకి వందా? పైపుల్లో నీటి ఒత్తిడి పెట్టి చూసే హైడ్రోటెస్టుకి నీళ్ళ ట్యాంకరు ఎవరిది? స్కాఫోల్డింగ్ (పరంజా) ఎన్ని రోజులుంచాలి? అన్నిటికీ మీ సమాధానం ‘1’.

అందుకని వచ్చే టెండరులో మిమ్మల్ని విడగొడుతున్నాం, ఏమనుకోకండి. పంపులు తేవడం, తీసుకుపోవడం ఒక వరుస. నడిపినందుకు పంపు-గంట రేటు, అంచనా గంటలు ఇంకో వరుస. లాగ్‌బుక్కులో రోజూ ఇరుపక్షాల సంతకాలు పడాలి, బిల్లు దాని మీదే. సాయిల్ రిపోర్టు వేసవిది అయితే వాన తర్వాత భూగర్భ నీటిమట్టం చూపే పీజోమీటరు రీడింగు ఒక్కటైనా తీయించాలి. దాని ఖర్చు మీ లక్షన్నర ముందు చిల్లర.

మిమ్మల్ని పూర్తిగా వెళ్ళగొట్టడం లేదు లెండి. సైట్ బోర్డు వరుస మీకే ఉంచాం. దాని పొడవు, వెడల్పు, ఏ రేకో మాత్రం మేమే రాస్తాం.

ఇట్లు,
గిండీలోని తెలుగు ఎస్టిమేటర్లు