ఏ వీధి అని అడగడం ఆపాలి

మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లకు శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట్ల తోడు దొరకడం ఇప్పటికీ కష్టమే. ఇంట్లో చెప్పుకోలేరు, స్నేహితుల దగ్గరా నోరు విప్పలేరు. ఫోన్‌లో ఒక డేటింగ్ యాప్, అందులో మొహం లేని ఫొటో, అందరూ పడుకున్నాక నాలుగు మాటలు. అంత భయం మధ్య దొరికిన మనిషితో మాట కలిసిన కాసేపటికే ప్రశ్న వస్తుంది: ‘‘మీదే ఊరు?’’ ఊరు చెబితే, ‘‘ఊళ్లో ఎక్కడ? రామాలయం దగ్గరా, చర్చి దగ్గరా?’’ అది ఇంటి గుర్తు కోసం అడిగింది కాదని మన జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. జవాబు వెళ్లాక అటునుంచి మెసేజ్ రాదు. కాసేపటికి ప్రొఫైల్ కూడా కనిపించదు. బ్లాక్ చేసేశారు.

గే సమాజం లోపల కులం పట్టింపు ఎంత లోతుగా దిగిందో చెప్పడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు. ఈ మాట బయటికి అంటే వారిలోనే కొందరు నొచ్చుకుంటారని తెలుసు. ఊరంతా మమ్మల్ని వేలెత్తి చూపిస్తుంటే పత్రికలు కూడా మాలో తప్పులు వెతకాలా అని అడుగుతారు. పరస్పర ఇష్టంతో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పక్షాన ఈ పత్రిక నిలబడుతుంది. స్వలింగ జంటల పెళ్లికి చట్టంలో చోటు ఇవ్వడానికి 2023 అక్టోబర్ 17న అదే కోర్టు నిరాకరించడం సరికాదన్నది మా అభిప్రాయం. వారి హక్కుల పక్షాన ఉన్నాం కాబట్టే వారిలో వెనక్కి నెట్టేసిన వారి గురించి కూడా మాట్లాడుతున్నాం.

2018 తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకే, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్న దళిత యువకుడిని గర్భిణి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. ఎవరిని ప్రేమించినా నేరం కాదన్న వార్తా, ప్రేమించినందుకు ప్రాణం తీసిన వార్తా తెలుగువాళ్లు ఒకే నెలలో చదివారు. మన దగ్గర వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న అయిదుగురు దళితులను చంపారు. అక్కడ గొడవ భూమి గురించి, ప్రేమ గురించి కాదు. కానీ ఏ వీధివాడన్నది మనిషి ప్రాణానికి ఎంత ముప్పు తేగలదో ఇక్కడివాళ్లు కళ్లారా చూశారు. ‘‘చర్చి దగ్గరా?’’ అన్న మాట వినగానే దళిత కుర్రాడి గుండె ఎందుకు ఝల్లుమంటుందో ఆ అడిగినవాడికి తెలియక కాదు.

‘‘ఎవరి ఇష్టం వాళ్లది, ఫలానావాణ్ని ఇష్టపడాలని ఎవరు శాసిస్తారు?’’ అన్నది తరచూ వినిపించే సమాధానం. నిజమే, ఎవరూ శాసించకూడదు. అయితే ఆ రాత్రి జరిగిందేమిటో ఒకసారి చూడండి. ఫొటో నచ్చింది. మాట నచ్చింది. ఆదివారం కలుద్దామని కూడా అనుకున్నారు. వీధి పేరు చెప్పాక కుర్రాడి మొహం మారలేదు, గొంతు మారలేదు, నవ్వు మారలేదు. అంతదాకా ఉన్న ఇష్టం ఎటు పోయింది? చూపుకు నచ్చిన మనిషిని వద్దనిపించింది కులం. దానికి అభిరుచి అని పేరు పెట్టుకుంటే సరిపోదు. ఇంట్లో అమ్మానాన్నలు ‘‘మనవాళ్ల అమ్మాయిని చేసుకోరా’’ అంటే ఊపిరాడనట్టు విలవిల్లాడేవాడే ఇక్కడ ‘‘మనవాళ్లయితేనే’’ అంటున్నాడు.

2015లో ముంబయిలో ఒక తల్లి తన కొడుక్కి వరుడు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చారు. దేశంలో అలాంటి ప్రకటన అప్పటిదాకా విన్నది లేదు. ఆమె ధైర్యానికి దండం పెట్టాల్సిందే. అందులోనూ కులం పట్టింపు లేదంటూనే అయ్యర్లయితే (తమిళ బ్రాహ్మణులయితే) మంచిదన్న మాట ఉంది. ఏ ఉద్దేశంతో రాసినా, ఆ నాలుగు లైన్లు చదివిన దళిత యువకుడికి తన చోటేదో తెలిసిపోయింది.

రంగు సంగతి ఇంకా బాహాటం. ‘‘తెల్లగా ఉన్నవాళ్లే మెసేజ్ చేయండి’’ అని ప్రొఫైల్‌లోనే రాసేస్తారు. మెళియాపుట్టి, మందస కొండల నుంచి చదువుకోడానికి పట్నం వచ్చిన సవర ఆదివాసీ కుర్రాడు ఫొటో పెడితే ‘‘ఏజెన్సీ వాడిలా ఉన్నావ్’’ అంటారు. అతను ఏజెన్సీ వాడే. అందులో తిట్టు ఏముంది? తిట్టుగా అన్నారు కాబట్టి తిట్టయింది. ఆ తర్వాత ఫిల్టర్ వేసి తెల్లబరిచిన మొహంతో మాట్లాడతాడు. కలవాల్సిన రోజు దగ్గరపడేకొద్దీ టెన్షన్ పడి, వెళ్లకుండా హాస్టల్ గదిలోనే ఉండిపోతాడు.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గేలు ఎక్కువగా తిరిగే పేటలోని బార్లలో నల్లజాతివారిని చిన్నచూపు చూస్తున్నారని ఏళ్ల తరబడి ఫిర్యాదులు ఉన్నాయి. ఒక బార్ యజమాని నల్లవారిని నోటికొచ్చినట్టు తిట్టిన వీడియో 2016లో బయటపడ్డాక నగర మానవ సంబంధాల కమిషన్ విచారణ జరిపి, వివక్ష ఉన్నమాట నిజమేనని తేల్చింది. 2017 జూన్‌లో ఆ నగరం గేల ఉద్యమానికి గుర్తయిన ఇంద్రధనస్సు జెండా పైభాగాన నలుపు, గోధుమ రంగు పట్టీలు చేర్చి ఎగరేసింది. జెండాకు జాతితో ఏం సంబంధమని, ఐక్యత దెబ్బతింటుందని అభ్యంతరం చెప్పినవాళ్లలో గేలు కూడా ఉన్నారు. జాతిని బట్టి మనుషులను వడపోసే సౌకర్యాన్ని గేలు వాడే డేటింగ్ యాప్ గ్రైండర్ ఏళ్లపాటు ఉంచి, తీసేస్తున్నామని 2020 జూన్‌లో గానీ ప్రకటించలేదు.

అక్కడికి వెళ్లిన మన కుర్రాళ్లకు ఆ వివక్ష రుచి తెలుసు. ‘‘ఆసియా వాళ్లు వద్దు’’ అని రాసుకున్న ప్రొఫైళ్లు చూసి చిన్నబుచ్చుకున్నవాళ్లే వారిలో ఉన్నారు. ఆ అవమానం పడినవాడు సంక్రాంతికి ఇంటికొచ్చి, అదే ఫోన్‌లో ‘‘ఊళ్లో ఎక్కడ?’’ అని టైప్ చేస్తున్నాడంటే మాకు నిజంగా దుఃఖం కలుగుతోంది. డాలస్‌లో తనను నెట్టేసిన చెయ్యీ, ఆమదాలవలసలో ఇంకొకరిని నెడుతున్న తన చెయ్యీ ఒకటేనని అతనికి ఎందుకు తట్టదు?

అవమానం జరిగాక ఎక్కడికి వెళ్లి చెప్పుకోవాలన్నది అన్నిటికంటే పెద్ద చిక్కు. నలుగురి ముందు కులం పేరుతో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టొచ్చు. కానీ స్టేషన్‌లో మొదట అడిగేది, అతనితో నీకు పరిచయం ఎలా అని. నిజం చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. నాన్న ముందు నిలబడలేడు, చెల్లి పెళ్లి సంబంధం చెడుతుందని భయం. తిట్టినవాడికి ఆ సంగతి బాగా తెలుసు. ‘‘మీ ఇంట్లో చెప్పేస్తా’’ అన్న ఒక్క బెదిరింపుతో కులదూషణ, డబ్బు గుంజుకోవడం, కొట్టడం అన్నీ కప్పబడిపోతాయి. వాడలో గే అని దాచుకోవాలి, గేల మధ్య కులం దాచుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రాడి మీద ఇంత బరువు పెట్టి, ‘‘అందరం ఒకటే కదా’’ అంటే అతనికి ఎక్కడ మండాలో అక్కడ మండుతుంది.

ఇంగ్లిష్‌లో తనను తాను గే అని చెప్పుకోగలిగినవాడు ఒకవైపు, కోతి (మగవాళ్లను ఇష్టపడే, ఆడతనం కనిపించే మగవాళ్లు తమను తాము పిలుచుకునే పేరు) అన్న మాట తప్ప ఇంకోటి ఎరగనివాడు ఇంకోవైపు ఉన్నారు. పోలీసుల లాఠీ తిన్నదీ, హెచ్ఐవీ నివారణ కార్యక్రమాల్లో పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తోటివారికి జాగ్రత్తలు చెప్పేవాళ్లుగా, రాత్రిళ్లు కండోములు పంచుతూ తిరిగిందీ ఎక్కువగా ఈ రెండోవారే. సమావేశం విశాఖ హోటల్‌లో పెట్టి ఇంగ్లిష్‌లో నడిపితే వాళ్లు తలుపు దగ్గరే ఆగిపోతారు.

మార్చగలిగినవి చేతిలోనే ఉన్నాయి. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు నడిపేవారు కులం, వీధి ఆరా తీసేవారిని, రంగును వెక్కిరించేవారిని తొలగించే నియమం పెట్టాలి, పెట్టి అమలు చేయాలి. స్వచ్ఛంద సంస్థలు తమ కమిటీల్లో దళిత, ఆదివాసీ సభ్యులను చేర్చుకోవాలి, సంతకం చేసే అధికారంతో సహా. ఫిర్యాదుదారు పేరు బయటపడకుండా న్యాయ సహాయం అందించే ఏర్పాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల న్యాయసేవాధికార సంస్థలు రెండూ చేయాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ అనే ప్రతి కేటగిరీలోనూ 1 శాతం ప్రభుత్వ ఉద్యోగాలు ఇచ్చే నిబంధన కర్ణాటక 2021లోనే తెచ్చింది. అలా అయితే దళిత ట్రాన్స్ మహిళ తన ఎస్సీ హక్కు వదులుకోనక్కర్లేదు. తమిళనాడులో గ్రేస్ బాను వంటి దళిత ట్రాన్స్ ఉద్యమకారిణులు పోరాడుతున్నది దానికోసమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అదే పద్ధతి తేవాలి. సమావేశాలు శ్రీకాకుళంలోనూ, పార్వతీపురంలోనూ పెట్టి తెలుగులో, సవర వచ్చినవాళ్లుంటే సవరలో మాట్లాడనివ్వాలి. మొదట మాట్లాడే అవకాశం ఇప్పటిదాకా బ్లాక్ అయినవాళ్లకే ఇవ్వాలి.