ఓటు వేయాలంటే ఫలానా బ్రౌజరే కావాలా?

మొన్నటి మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఎన్నికల లింకు తెరుచుకోవడం లేదని ఒక పెద్దాయన లేచి చెప్పారు. "ఏ బ్రౌజరండీ?" అని వేదిక మీద నుంచి అడిగారు. "ఫైర్‌ఫాక్స్" అన్నారాయన. "అది ఇంకా బతికే ఉందా అంకుల్?" అని మైకులోనే జవాబొచ్చింది. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి కూర్చున్నారు. ఓటు మాత్రం పడలేదు. మర్నాడు వాట్సాప్ గ్రూపులో "సభ్యులు క్రోమ్ మాత్రమే వాడగలరు" అని ఒక ముక్క పెట్టి కార్యవర్గం చేతులు దులుపుకుంది. ఏ ప్యానెల్‌కి ఎంత మెజారిటీ వచ్చిందో మీకందరికీ తెలుసు, దాని జోలికి నేను పోను. నన్ను గుచ్చింది ఆ నవ్వు.

ఇంటికొచ్చి అదే పేజీని ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి చూశాను. లాగిన్ అవ్వమంది, అయ్యాను. మళ్లీ లాగిన్ అవ్వమంది. ఎన్నిసార్లు చేసినా అదే వరస. కారణం కనిపెట్టడం పెద్ద కష్టం కాలేదు. ఓటింగు నడిపే బయటి కంపెనీ పేజీని తెచ్చి మన సంఘం సైటు మధ్యలో అతికించారు. మనం లాగిన్ అయ్యామన్న గుర్తు ఆ బయటి సైటు మన బ్రౌజర్‌లో దాచే కుకీ అనే చిన్న ఫైల్లో ఉంటుంది. మనం ఒక సైటులో ఉండగా వేరే సైటు పెట్టే ఇలాంటి కుకీలనే థర్డ్ పార్టీ కుకీలంటారు. మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో ప్రకటనల కంపెనీలు ఆరా తీసేది చాలావరకు వీటి సాయంతోనే. అందుకే 2022 నుంచి ఫైర్‌ఫాక్స్ అడక్కుండానే ఏ సైటులో పుట్టిన కుకీని ఆ సైటుకే పరిమితం చేస్తోంది. మన ఎన్నికల పేజీ ఆ పాత దారినే నమ్ముకుని కూర్చుంది. ఇందులో పెద్దాయన తప్పేముంది, ఆయన బ్రౌజర్ తప్పేముంది?

ఇంకో తమాషా. ఆపిల్ వాళ్ల బ్రౌజర్ సఫారీ అయితే 2020 మార్చి నుంచే ఈ రకం కుకీలను పూర్తిగా ఆపేస్తోంది. నా ఐఫోన్‌లో చూస్తే అక్కడా ఇదే గతి. అందులో క్రోమ్ పెట్టుకున్నా లాభం లేదు. చాలా దేశాల్లో ఐఫోన్ మీద ఏ బ్రౌజర్ బొమ్మ నొక్కినా లోపల పేజీని చదివి తెరపై చూపించేది ఆపిల్ వాళ్ల వెబ్‌కిట్ ఇంజినే. ఆ రోజు నవ్విన వాళ్లలో ఎంతమంది ఫోన్‌లో ఓటు వేయబోయి, నెట్ సరిగా లేదనుకుని వదిలేశారో!

తర్వాత ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఫైర్‌ఫాక్స్ మొదటి వెర్షన్ వచ్చిన 2004 నాటి నుంచీ ఆయన అదే వాడుతున్నారట. అడ్రస్ బార్ ఎడమ పక్కన ఉండే చిన్న డాలు బొమ్మ నొక్కి చూపించారు. తెరిచి ఉన్నది మన సంఘం హోమ్ పేజీయే. మన జాడ తీసే ట్రాకర్లలో ఆపేసిన వాటి జాబితా కింద వరసగా పేర్లు. కార్యక్రమాల తేదీలు, ఫొటోలు తప్ప ఇంకేమీ లేని మన సైటుకి ఇన్ని ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఎవరో ఉచితంగా దొరికిన టెంప్లేట్ వాడి ఉంటారు, అందులోంచి వచ్చి ఉంటాయి. "నాకు కంప్యూటర్ రాదనుకున్నారు బాబూ, పోనీలే. ఓటు కూడా పోయిందే!" అన్నారాయన.

ఈలోగా ఆంటీగారు తన లాప్‌టాప్ తెచ్చారు. అందులో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్ ఉంది. తెరవగానే వార్తలు, సినిమా గాసిప్, పక్కన వాళ్ల ఏఐ సహాయకుడు కోపైలట్ బొమ్మ. వాటి మాట అలా ఉంచితే, కింద కుడి మూల నుంచి నిమిషానికోసారి "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని ఒక ఎర్ర డబ్బా తన్నుకొస్తోంది. కంప్యూటరే అలా చెబుతోందని ఆవిడ టెన్షన్. బ్యాంకు సైటు తెరవడమే మానేశారు. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల అనుమతుల దగ్గరికి వెళ్తే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో పాటల సాహిత్యం వెతుకుతూ ఏదో సైటులో "అనుమతించు" నొక్కారు. ఆ సైటే ఇవన్నీ పంపుతోంది. తీసేశాను, మూల ఖాళీ అయింది. అలాంటి సైట్లు ఇంకా ఉన్నాయి, వాటినీ తీసేశాం. అసలు ఏ సైటూ అనుమతి అడగకుండా ఒక్క మీట ఉంది, దాన్నీ నొక్కేశాను. నోటిఫికేషన్లు పంపమంటారా అని మనం ఏమీ ముట్టుకోకముందే సైట్లు మీద పడి అడగడాన్ని ఫైర్‌ఫాక్స్ 2020 జనవరిలోనే అణిచేసింది.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంటికొకరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న జనం మనం. మెళ్లో ఈ బ్రౌజర్లు చేసే కంపెనీల బ్యాడ్జీ వేలాడేవాళ్లూ తక్కువేం కాదు. ఆఫీసులో సెక్యూరిటీ రివ్యూ అంటూ ఒక్క లైను కోసం గంటసేపు వాదిస్తాం. ఇంట్లో మాత్రం కొన్నప్పుడు లాప్‌టాప్‌లో ఏది ఉంటే అదే బ్రౌజర్. అమ్మానాన్నలకు సెటప్ చేసేటప్పుడు "అన్నిటికీ ఓకే కొట్టెయ్యి నాన్నా, ఏం కాదు" అని నేర్పేదీ మనమే. సర్దుకుపోయే గుణం మనకి చాలా చోట్ల మేలే చేసింది. ఇక్కడ మాత్రం దాన్ని సొమ్ము చేసుకునేది వేరేవాళ్లు. మనం సెట్టింగ్ మార్చబోమన్న నమ్మకానికి ఖరీదు కట్టిన లెక్కలు కోర్టులోనే బయటికొచ్చాయి. సఫారీలో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ 2022లో ఆపిల్‌కి 2 వేల కోట్ల డాలర్లు ఇచ్చింది.

క్రోమ్‌ని తిట్టడానికి ఇది రాయడం లేదు. అది వేగంగా నడుస్తుంది, భద్రతా లోపాలు దొరికితే వెంటనే సరిచేస్తారు, దాదాపు ప్రతి సైటూ అందులో పనిచేస్తుంది. మెమరీ తినేస్తుందని తిడతాం కానీ, 2018లో ఒక సైటు సమాచారం ఇంకోదానికి అందకుండా ఒక్కో సైటుని వేరే ప్రాసెస్‌లో పెట్టడం మొదలుపెట్టినప్పుడు మెమరీ వాడకం పది శాతం పైన పెరిగింది భద్రత కోసమే. థర్డ్ పార్టీ కుకీలు రెండేళ్లలో తీసేస్తామని 2020లో గూగుల్ మాట ఇచ్చి, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది చూడండి, అక్కడ నాకు పేచీ. ప్రకటనల మీద బతికే కంపెనీ బ్రౌజర్ అలాగే ఉంటుంది మరి. బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల (ఎక్స్‌టెన్షన్ల) నిబంధనలు మార్చడంతో, ప్రకటనలను, ట్రాకర్లను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అసలు వెర్షన్ క్రోమ్‌లో నడవకుండా పోయింది, లైట్ వెర్షన్‌తో సరిపెట్టుకోవాలి. చరిత్ర దాచుకోని ఇన్‌కాగ్నిటో విండోలో ఉంటే ఎవరూ చూడరనుకునేవాళ్ల కోసం ఒక మాట: దాని మీద 2020లో పడ్డ దావా రాజీలో, అలా పోగైన వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ 2024లో ఒప్పుకుంది.

ఫైర్‌ఫాక్స్ కూడా కడిగిన ముత్యమేం కాదు. దాన్ని నడిపే మొజిల్లాకి వచ్చే ఆదాయంలో సింహభాగం గూగుల్ ఇచ్చే సెర్చ్ డబ్బే. 2024లో ప్రకటనల ఫలితాలు కొలిచే ఒక మీటను మనల్ని అడక్కుండానే ఆన్ చేసి పెట్టారు. 2025 ఫిబ్రవరిలో వాడుక నిబంధనల్లో రాసిన మాటలకు గొడవ రేగితే మళ్లీ మార్చి రాశారు. బ్రేవ్ అనే ఇంకో బ్రౌజర్ ట్రాకర్లను బాగానే ఆపుతుంది కానీ, క్రిప్టో వాలెట్లు, రివార్డులు అంటూ అడగని సామాను చాలా ఉంది. 2020లో క్రిప్టో సైట్ల అడ్రస్ టైప్ చేస్తే తమకు కమిషన్ వచ్చే లింకు చేర్చి దొరికిపోయారు. వేగం విషయానికొస్తే, స్పీడోమీటర్ 3 అనే పరీక్షను ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి 2024లో తయారు చేశాయి. అందులో వచ్చే తేడాలు ఈమెయిల్, బ్యాంకు, వీడియో చూసుకునేవాళ్లకి తెలియనే తెలియవు. పేజీ నత్తనడక నడుస్తుంటే చాలాసార్లు కారణం ప్రకటనలు, ట్రాకర్లు. యూబ్లాక్ పెట్టి చూడండి, కొత్త లాప్‌టాప్ కొనాలన్న ఆలోచన కొన్నాళ్లు వాయిదా పడుతుంది. నేను మాత్రం ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకుని, మొండికేసే సైట్లకు పక్కన క్రోమ్ ఉంచుకున్నాను.

నాకింకో భయం కూడా ఉంది. ఐఫోన్ సంగతి వదిలేస్తే క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డీ, అన్ని బ్రౌజర్ల అడుగునా ఉన్నది గూగుల్ ముందుండి నడిపే ఒకే క్రోమియం. మిగిలిన ఇంజిన్లు సఫారీలోని ఆపిల్ వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌లోని మొజిల్లా గెకో. 2018లో మన "జ్ఞా" అక్షరం ఒక తీరులో రాసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్షరాలను తెరపై గీసే ఆపిల్ వాళ్ల కోడ్‌లో దోషం అది. ఆ కోడ్ వాడని ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే మెసేజ్ హాయిగా చదువుకున్నాం. అందరూ ఒకే ఇంజిన్ మీద ఎక్కి కూర్చున్న రోజున ఆ వెసులుబాటు ఉండదు. అసలే మన లిపి సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ.

కొత్త కార్యవర్గానికి నేను అడిగేది పెద్దదేం కాదు. వచ్చే ఎన్నికల పేజీని వేరే సైటులోంచి తెచ్చి అతికించకండి, నేరుగా ఆ సైటుకే లింకు ఇవ్వండి, కుకీల గొడవే రాదు. హోమ్ పేజీలో ఎవరూ చూడని ఆ ట్రాకర్లు తీసేయండి. "క్రోమ్ మాత్రమే" అన్న ఆ మెసేజ్ గ్రూపులోంచి తీసి, ఓటు పడనివాళ్లు ఫలానా నంబరుకు ఫోన్ చేయండి అని పెట్టండి. నామినేషన్లు మొదలయ్యేలోపు లింకు నాకు పంపితే ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో నేనే పరీక్షించి చెబుతాను. ఆ పెద్దాయన కూడా వస్తానన్నారు. ఆయనకు ఇంకా కమిటీ నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు, ముందు ఆ పని చూడండి.