దయచేసి బయటివాళ్లతో ఆలోచించకండి

కంపెనీల్లో కొత్త ఆవిష్కరణలు ఎందుకు రావట్లేదో తేల్చడానికి మళ్లీ కమిటీ అక్కర్లేదు. ఒక్క ఫారం చూస్తే చాలు. కంపెనీ శాస్త్రవేత్త యూనివర్సిటీ ప్రొఫెసర్‌తో కలిసి పరిశోధన చేయాలనుకుంటే నింపాల్సిన ఫారం అది. అందులో ఒక గడి: 'ఏం కనుక్కోబోతున్నారు? తేదీతో సహా రాయండి.'

పాపం, ఆవిడ 'ఇంకా తెలియదు' అని రాస్తుంది. 'తెలియనిదాని కోసం కంపెనీ సమయం వృథా చేస్తారా?' అంటూ లీగల్ వాళ్లు వెనక్కి పంపుతారు. పోనీ తెలుసని రాస్తే, 'తెలిసినప్పుడు బయటివాళ్లతో పనేంటి?' అంటారు. తర్కానికి వంక పెట్టలేం. ఈలోగా ఇంకో మెయిల్: సదస్సులో టీ విరామంలో మాట్లాడబోయే విషయాల జాబితా ముందే పంపాలి. జాబితాలో లేనిది ఎవరైనా అడిగితే మర్యాదగా నవ్వి, బిస్కెట్ తీసుకుని పక్కకు జరగాలి. బిస్కెట్ గురించి మాట్లాడొచ్చా లేదా అన్నది పరిశీలనలో ఉంది.

1972లో హొనొలులు సదస్సుకు వెళ్లిన శాస్త్రవేత్తలు హెర్బర్ట్ బోయర్, స్టాన్లీ కోహెన్‌లకు అదృష్టం కొద్దీ ఈ ఫారం అందలేదు. అక్కడ తింటూ మాట్లాడుకున్న మాటలే మరుసటి ఏడాదికల్లా డీఎన్‌ఏను కత్తిరించి అతికించే పద్ధతికి దారితీశాయి. 1976లో బోయర్, పెట్టుబడిదారు రాబర్ట్ స్వాన్సన్ కలిసి జెనెన్‌టెక్ అనే బయోటెక్ కంపెనీ పెట్టారు. అది సిటీ ఆఫ్ హోప్ అనే వైద్య పరిశోధనా కేంద్రంలోని పరిశోధకులతో చేతులు కలిపి 1978లో బాక్టీరియా చేత మానవ ఇన్సులిన్ తయారు చేయించింది. పైగా తన శాస్త్రవేత్తలను పేపర్లు కూడా ప్రచురించనిచ్చింది. ఎంత బాధ్యతారాహిత్యం!

బయటివాళ్లతో కలిస్తే కంపెనీ రహస్యాలు బయటికి పోతాయట. కొన్ని పోతాయి, నిజమే. మరి లోపలికి వచ్చేవాటి మాటేంటి? బయటి జ్ఞానాన్ని గుర్తుపట్టి వాడుకోవాలంటే ఆ రంగం తెలిసినవాళ్లు లోపల ఉండాలని కంపెనీల తీరుపై పరిశోధించిన వెస్లీ కోహెన్, డేనియల్ లెవింతాల్ 1990లోనే చెప్పారు. ఆ తెలిసినవాళ్లనేమో ల్యాబ్‌లో పెట్టి తాళం వేస్తారు. కన్సల్టెంట్‌కు మాత్రం గేట్లు బార్లా తీస్తారు. పోటీ కంపెనీకి చూపించిన స్లైడ్లనే అతను 'ఓపెన్ ఇన్నొవేషన్' (బయటివాళ్లతో కలిసి ఆవిష్కరణలు) పేరుతో వీళ్లకూ చూపిస్తే చప్పట్లు కొడతారు.

ఇక వెటకారం నా వల్ల కాదు. ఏళ్ల తరబడి ఒకే ప్రోటీన్‌తో కుస్తీ పట్టిన మనిషిని దొంగలా చూస్తారా? ఎవరితో మాట్లాడిందో అని మెయిళ్లు తవ్వుతారా? విసిగిపోయి ఆవిడ రాజీనామా చేస్తుంది, ఆ ప్రొఫెసర్‌తోనే చిన్న కంపెనీ పెడుతుంది. అది గెలిచాక, ఆవిడ జీతానికి ఎన్నో రెట్లు పోసి దాన్ని కొంటారు. ప్రెస్‌నోట్‌లో మాత్రం 'మా యాజమాన్యం దూరదృష్టి' అని రాసుకుంటారు. సిగ్గుండాలి.